కార్నివాల్ ముందు పడే షేరు

రాక్స్‌బరో, టొబేగో
20 నవంబరు 1994

లిస్ట్రా అత్తకు, కుట్టుమిషను ఆపి చదవాల్సిందిగా మనవి.

కాలితో తొక్కుతూ ఒంటి చేత్తో పట్టుకుని చదివితే నా మాటలు సగమే బుర్రకెక్కుతాయి. తర్వాత నేను రాయని మాటకి నాతో పోట్లాడతావు. ఫోను పెట్టించుకోమంటే వినవు కాబట్టి ఆ పోట్లాట కూడా పడవెక్కి వెళ్లి రావాలి.

అత్తా, నేనొకటి కనిపెట్టాను. నవ్వకు. ఐదో ఫారం పిల్లలకి గ్రాఫులు నేర్పాలి. ఇంగ్లండు నుంచి వచ్చిన లెక్కల పుస్తకం నిండా రైళ్లే. టొబేగోలో రైలు చూసినవాడెవడు? అందుకని లైబ్రరీలో కట్టలు కట్టి పడేసిన పాత పేపర్లు దింపించి, షేర్ల ధరలు తీసి గీయమన్నాను. ఏ షేరు తీసుకోవాలని అడిగితే, మామయ్య పనిచేసిన బ్యాంకే కదా అని కోకో రైతుల బ్యాంకు పేరు చెప్పాను. ఆ పిల్లలు గీసుకొచ్చింది చూసి నేనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ప్రతి ఏడూ జనవరి ఆరున ముగ్గురు రాజుల పండుగ వెళ్లగానే ఆ షేరు జారడం మొదలుపెడుతోంది. కార్నివాల్ మంగళవారం దాకా జారుతూనే ఉంటుంది. ఐదు డాలర్లున్నది నాలుగుకి దిగుతుంది. మర్నాడు విభూది బుధవారం నుంచి మళ్లీ ఎక్కి, ఈస్టర్‌కి మొదటికొస్తుంది. ఒక్క ఏడాది అయితే గాలివాటం అనుకుందును. వరసగా ఏడేళ్లు! కార్నివాల్ ఒక ఏడు ఫిబ్రవరి మొదట్లో వస్తుంది, ఇంకో ఏడు మార్చి దాకా జరుగుతుంది. గ్రాఫులో ఆ లోయ కూడా దానితోపాటే జరుగుతోంది. చంద్రుడు కార్నివాల్‌ని జరుపుతాడు, కార్నివాల్ షేరుని జరుపుతుంది.

కారణం కూడా తేల్చేశాను. జనమంతా బ్యాంకులో దాచింది తీసి ఈకలకీ రమ్ముకీ తగలేస్తారు. బ్యాంకు చిక్కిపోతుంది, షేరు పడుతుంది. ఈస్టర్ ముందు ఉపవాసాల్లో బుద్ధి తెచ్చుకుని మళ్లీ దాచుకుంటారు, షేరు లేస్తుంది. మన జాతి స్వభావమంతా ఒక గ్రాఫు కాగితం మీద ఉంది అత్తా! వచ్చే ఫిబ్రవరిలో లోయ అడుగున కొంటాను, ఈస్టర్‌కి అమ్ముతాను. వర్షాకాలంలోగా నా ఇంటికి కొత్త పైకప్పు.

ఈ ఏడు కార్నివాల్ ఊరేగింపులో మన మేళం ఏ వేషం కడుతోందో రాయి.

నీ లెక్కల మేనల్లుడు
సెల్విన్


బెల్మాంట్, పోర్ట్ ఆఫ్ స్పెయిన్
2 డిసెంబరు 1994

ఒరేయ్ సెల్విన్,

మిషను ఆపలేదు. అయినా అంతా అర్థమైంది. ఏడేళ్ల పాత పేపర్లు ముందేసుకుని మురిసిపోతున్నావంటే నీకు పెళ్లి చేయాల్సిన వేళ దాటిపోయిందని అర్థమైంది. మీ నాన్న భుజాలు నీకు వచ్చాయి గాని, ఈ బుర్ర ఎవరి నుంచి వచ్చిందో మా వైపు వాళ్లెవరూ ఒప్పుకోవడం లేదు.

అలాగని నువ్వు చెప్పింది తీసిపారేయను. ఆ షేరుకీ నాకూ పాత కక్ష ఉంది. మీ మామయ్య ముప్పై ఏళ్లు ఆ బ్యాంకులో బంట్రోతుగా ఊరంతా ఉత్తరాలు మోశాడు. ప్రతి క్రిస్మస్‌కీ మిగతా కంపెనీల వాళ్లు పండగ వంటకి హామ్ మాంసం ఇస్తుంటే వీళ్లు షేరు కాగితాలు చేతిలో పెట్టేవాళ్లు. 'దీన్ని ఎన్ని గంటలు ఉడకబెట్టాలి లిస్ట్రా?' అని అడిగేవాడు ఎల్డన్. ఆయన పోయినప్పటినుంచీ ఆ కాగితాల సంగతి బ్రోకరు అలియాంగ్ గారే చూస్తున్నారు. ఎప్పుడు వెళ్లి అడిగినా ధర నాకు ఎదురుతిరిగే ఉంటుంది. ఆయనేమో కళ్లద్దాలు తుడుచుకుంటూ నవ్వుతారు. ఎందుకో నేనడగలేదు. చైనా వాళ్ల నవ్వుకి కారణం అడిగితే కథ మొదలెడతారు, నాకు పని ఉంటుంది.

ఒక్క సంగతి సూటిగా చెప్పు. జనవరిలో ఆ షేరు అమ్మేవాళ్లు నిజంగా తెలివితక్కువ వాళ్లేనంటావా?

ఇక మేళం. ఈ ఏడు పేరు 'మొదటి వాన'. ఎన్నేళ్లుగానో నా మనసులో ఉన్న వేషం ఇది. ముందు వరసలు మట్టి రంగు, ఎండిన కొండ. వాటి వెనక బూడిద నీలం మబ్బులు. ఆఖర్న వెండి చినుకులు, నడుస్తుంటే గలగలలాడాలి. మధ్యలో ఒక పెద్ద మబ్బు, ఇంటి గుమ్మం పట్టనంత. దాన్ని నువ్వు మోయాలి. మోకాలు నొప్పి అని రాశావంటే నేనే పడవెక్కి వచ్చి ఆ మోకాలు చూస్తాను. మన మేళానికి తీగపని చేసే కాన్రాడ్ అప్పుడే వసారాలో కూర్చుని తీగ వంచుతున్నాడు. ఎప్పటిలాగే మీ మామయ్య బంట్రోతు టోపీ అందులో ఎక్కడో ఒకచోట కట్టిస్తాను.

వేళకి తిను. చేపల కూర మానకు.

మీ అత్త, బుర్ర సరిగ్గా ఉన్నది
లిస్ట్రా


రాక్స్‌బరో
14 డిసెంబరు 1994

అత్తా, నా మోకాలు దివ్యంగా ఉంది. మబ్బుని నేనే మోస్తాను.

నువ్వు అడిగిన దానికి జవాబు: అవును, తెలివితక్కువ వాళ్లే. నూటికి నూరుపాళ్లు. జనవరిలో ఆ షేరు అమ్మే మనిషెవరో గాని, ఏడేళ్లుగా అదే గోతిలో, అదే కాలితో పడుతున్నాడు. చవగ్గా అమ్ముతాడు, ఈస్టర్ వచ్చేసరికి మళ్లీ ఆశపడి ప్రియంగా కొంటాడు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి లెక్క చూసుకోడు. అలాంటివాణ్ని పట్టుకొచ్చి మా మూడో ఫారంలో ముందు బెంచీ మీద కూర్చోబెట్టాలి. బెంచీ ఖాళీగానే ఉంది.

స్టాఫు రూములో బోర్డు మీద గీసి చూపించాను. మొదట అందరూ వెక్కిరించారు. ముఖ్యంగా డ్రిల్లు మాస్టరు. అప్పుడు మా హెడ్డు వర్నా మేడమ్ కళ్లజోడు పైకి నెట్టి, 'ఏడేళ్లు వరసగానా?' అంది. అంతే, అందరూ కుర్చీలు బోర్డు దగ్గరికి లాక్కున్నారు. మేం టీచర్లం పన్నెండు మందిమి కలిసి సూసూ చీటీ వేసుకుంటాం కదా, ఈసారి ఆ చీటీ పాట అంతా షేరులోనే పెడదామని తీర్మానం చేశారు. అంటే ఇప్పుడు నా మాట మీద పన్నెండు ఇళ్ల పైకప్పులు ఉన్నాయి. భయం లేదు. కార్నివాల్ ఆగిందా ఎప్పుడైనా? ఇదీ ఆగదు.

నువ్వు మాత్రం నాకొక మాట ఇవ్వాలి. మామయ్య షేర్లు ఈస్టర్ దాకా ఒక్కటి కూడా కదపకు. చుట్టూ వాళ్లు అమ్ముకున్నా, ధర దిగినా, అలియాంగ్ గారు బతిమాలినా కదపకు. గట్టిగా కూర్చో. ఈ ఒక్క ఏడు నా మాట విని చూడు.

క్రిస్మస్‌కి రాలేను, పరీక్ష పేపర్లు దిద్దాలి. బ్లాక్ కేక్‌లో నా వాటా పడవలో పంపు. కాన్రాడ్‌కి కనపడనివ్వకు.

పన్నెండు మంది పెట్టుబడిదారుల తరఫున
సెల్విన్


బెల్మాంట్
9 జనవరి 1995

ఒరేయ్ సెల్విన్,

కేకు ఈ ఉత్తరంతోపాటే వస్తోంది. మూత కట్టిన దారం వదులుగా ఉంటే కాన్రాడ్ పనే అనుకో. సారెల్ షర్బత్ సీసా కూడా పెట్టాను, పడవలో తిరగబడితే నా పూచీ లేదు.

నీకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. గట్టిగానే కూర్చున్నాను. ముగ్గురు రాజుల పండుగ వెళ్లిన మర్నాడే అలియాంగ్ గారు తన గుమస్తాతో కబురు పెట్టారు, 'ఏమ్మా, ఈ ఏడు ఇటు రాలేదేం, ఒంట్లో బాగుందా?' అని. బాగానే ఉంది, రాను, మా అబ్బాయి వద్దన్నాడు అని చెప్పించాను. మా అబ్బాయి లెక్కల మాస్టరని కూడా చెప్పించాను.

మేళం మాత్రం ఈసారి కొంచెం తగ్గవచ్చు. చినుకుల వరస తీసేద్దామా అనుకుంటున్నాను. ఫ్రెడరిక్ వీధిలో సిరియను షావుకారు దగ్గర ఆ బూడిద నీలం బట్ట దొరికింది. పట్టుకుంటే చేతికి తడి తగిలినట్టుంది, అంత బాగుంది. తానులన్నీ నా కోసం పక్కన పెట్టాడు. వచ్చే నెల పదో తారీఖు దాకా చూస్తానన్నాడు. ఆ తర్వాత చూడాలి. మబ్బు కూడా చిన్నది చేయమంటే కాన్రాడ్ తీగ అక్కడే పడేసి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు.

ఇవన్నీ నీకెందుకులే. మన వీధి చివర గుడారంలో కాలిప్సో పాటలు మొదలయ్యాయి. ఒకడు నీలాంటి మాస్టర్ల మీదే పాట కట్టాడు. వినిపించనివ్వను, బాధపడతావు.

మాట మీద నిలబడ్డ
మీ అత్త


రాక్స్‌బరో
20 జనవరి 1995

అత్తా,

కేకు అందింది. దారం బిగుతుగానే ఉంది గాని కేకులో ఒక మూల ముక్క లేదు. కాన్రాడ్ దారం మళ్లీ కట్టడం నేర్చుకున్నాడన్నమాట.

ఇక్కడ చిన్న చిక్కు. షేరు పడలేదు. కొత్త సంవత్సరం నుంచి ఐదు డాలర్ల దగ్గర గోడలా నిలబడింది. వారానికి మూడు రోజులే కదా బేరం జరిగేది, ఆ మూడు రోజులూ మధ్యాహ్నం పేపరు రాగానే మిగతా పదకొండు మందీ నా చుట్టూ మూగుతున్నారు. డ్రిల్లు మాస్టరైతే గుమ్మంలోంచే అరుస్తున్నాడు, 'ఏదయ్యా నీ లోయ? గొయ్యి అయినా తవ్వించు!' అని. నాకేం కంగారు లేదు. ఈ ఏడు కార్నివాల్ ఫిబ్రవరి ఆఖరున కదా, లోయ కూడా ఆలస్యంగా వస్తుంది. ఏడేళ్ల గ్రాఫు అబద్ధమాడదు.

మేళం తగ్గించుకుంటున్నందుకు సంతోషం. నిజం చెబుతున్నాను. నీకూ అరవై మూడేళ్లు వచ్చాయి. తెల్లవార్లూ మిషను తొక్కే వయసా? అసలు ఈ ఏడు పూర్తిగా ఆపేసినా ఎవరూ ఏమీ అనుకోరు. హాయిగా కుర్చీ వేసుకుని మిగతా మేళాలు చూడు. మామయ్య ఉంటే ఆయనా అదే అనేవాడు.

నీ మంచి కోరే
సెల్విన్


బెల్మాంట్
27 జనవరి 1995

సెల్విన్,

'ఒరేయ్' అనలేదు. గమనించు.

నేను అలిసిపోయానని నీకెవరు చెప్పారు? మేళం తగ్గిస్తున్నానన్నాను గాని కాళ్లు నొప్పులన్నానా? మీ మామయ్య ఏమనేవాడో నాకు నువ్వు చెబుతావా?

ఏమన్నాడో నేను చెబుతాను, విను. ఆసుపత్రిలో ఆఖరి వారం ఆ షేరు కాగితాల కట్ట దిండు కింద నుంచి తీసి నా ఒళ్లో పెట్టాడు. 'ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ప్రతి వీధీ నడిచి సంపాదించానే ఇవి. వీటిని పెట్టెలో పెట్టి నన్ను ఇంట్లో కూర్చోబెట్టకు. ఏడాదికోసారి నన్ను రోడ్డెక్కించు' అన్నాడు. అదీ ఆయన అన్న మాట. అందుకే ఆ టోపీ. వేషం ఏదైనా సరే, గబ్బిలమైనా రాజైనా, ఆ టోపీ దానిలో కట్టి ఉంటుంది. ఎల్డన్ రోడ్డు మీద ఉంటాడు.

మేళం దేనితో నడుస్తోందనుకున్నావు? మన వాళ్లకి వేషం ముందు, డబ్బు తర్వాత. వేషం వేసుకున్నాక నెలనెలా కాస్త కాస్త ఇస్తారు. ఎగ్గొట్టరు, ఆలస్యం చేస్తారు. మరి బట్టకీ తీగకీ రంగుకీ ముందే ఇవ్వాలి కదా. ముగ్గురు రాజుల పండుగ వెళ్లగానే అలియాంగ్ గారి దగ్గరికి వెళ్లి సగం షేర్లు అమ్మమంటాను. చాలకపోతే ఇంకొన్ని. కార్నివాల్ అయ్యాక వీళ్ల డబ్బు రాగానే ఉపవాసాల్లో మళ్లీ ఆ షేర్లే కొనుక్కుంటాను. ఈస్టర్‌కి కట్ట మళ్లీ పెట్టెలో ఉంటుంది, కాస్త సన్నబడి. ఏడేళ్లుగా ఇదే. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? నా షేర్లు, నా మొగుడు, నా మేళం.

నువ్వు మూడో ఫారంలో ముందు బెంచీ మీద కూర్చోబెడతానన్నావే, ఆ మనిషి మీ అత్త. బెంచీ తుడిపించి ఉంచు.

నువ్వు అంత గట్టిగా రాసేసరికి, ఒక్క ఏడైనా తెలివిగా ఉందామనిపించింది. అమ్మకుండా కూర్చున్నాను. మరి పడిందా? పడలేదు! నేను అమ్మిన ఏడేళ్లూ పడింది, అమ్మకుండా కూర్చున్న ఏడు రాయిలా నిలబడింది. ఇంతకంటే దరిద్రపు జాతకం ఎవరికైనా ఉంటుందా? ఇప్పుడు వెళ్లి అమ్ముదామంటే నీకిచ్చిన మాట అడ్డం. నేను మాట తప్పే రకం కాదు. బట్ట కొట్లో ఉంది. పదో తారీఖు దాటితే ఇంకో మేళానికి పోతుంది. కాన్రాడ్ వంచిన మబ్బు వసారాలో తీగల అస్థిపంజరంలా వేలాడుతోంది. దాని కిందే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎల్డన్ రోడ్డెక్కని మొదటి కార్నివాల్ ఇది అవుతుందేమోనని తలుచుకుంటే నాకు ఏడుపొస్తోంది, అది కూడా రాసుకో.

లిస్ట్రా


రాక్స్‌బరో
1 ఫిబ్రవరి 1995

అత్తా,

ఈ ఉత్తరం టపాలో వెయ్యలేదు. వర్నా మేడమ్ స్వయంగా పట్టుకొస్తోంది. ఆమెని లోపలికి పిలిచి కూర్చోబెట్టు, పడవలో ఆమెకి తల తిరుగుతుంది. ముందు అల్లం నీళ్లివ్వు, తర్వాత చదువు.

వయసు గురించి, మామయ్య గురించి నేను రాసింది తప్పు. చాలా పెద్ద తప్పు. అది తర్వాత నీ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పుకుంటాను. ఇప్పుడు దానికంటే పెద్ద సంగతి ఉంది.

అత్తా, ఆ ఋతువు నువ్వే.

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. నీ జాతకంలో ఏ దోషమూ లేదు. నువ్వు అమ్మబట్టే ధర పడింది. నువ్వు కొనబట్టే లేచింది. నువ్వు కదలకుండా కూర్చున్నావు, అదీ కదలకుండా కూర్చుంది. ఏడేళ్ల గ్రాఫులో నేను దేశం స్వభావం చూశాననుకున్నాను. నేను చూసింది నీ బట్టల బిల్లు.

వెంటనే బడి ఫోను నుంచి అలియాంగ్ గారికి మాట్లాడాను. ఆయన అయిదు నిమిషాలు నవ్వి, అప్పుడు చెప్పారు. ఆ బ్యాంకు షేర్లలో ముప్పావు వంతు ఒక పెద్ద కంపెనీ పెట్టెలో ఉన్నాయట, అది అమ్మదు. తక్కినవి పాత ఉద్యోగుల దిళ్ల కింద ఉన్నాయి. వారాల తరబడి ఒక్క బేరం ఉండదు. 'అలాంటి బేరాల గదిలోకి మీ అత్త వచ్చి సగం కట్ట ఒక్కసారే అమ్మమంటే, కొనేవాళ్లు ధర తగ్గించకుండా ఊరుకుంటారా? ఎవరో తొందరలో ఉన్నారని అందరికీ తెలిసిపోతుంది బాబూ' అన్నారు. 'మరి ఆవిడకి చెప్పలేదేం?' అన్నాను. 'ఏడేళ్లుగా చెబుదామనే చూస్తున్నాను. నేను నోరు తెరిచేలోగా ఆవిడ గొడుగు తీసుకుని వెళ్లిపోతారు' అన్నారు.

ఇప్పుడు నేను చెప్పేది విను, ఈసారి నేను నిజంగానే సరిగ్గా చెబుతున్నాను. నువ్విచ్చిన మాట నీకే తిరిగి ఇచ్చేస్తున్నాను. అమ్ము. కాని ఆ బేరాల గదిలో కాదు, మాకు. మా పన్నెండు మంది చీటీ డబ్బు పడని షేరు కోసం ఊరికే ఎదురుచూస్తోంది. నీ అమ్మకం, మా కొనుగోలు అలియాంగ్ గారి బల్ల మీద ఒకే పొద్దున, ఐదు డాలర్లకే. మధ్యలో తొందర ఎవరికీ కనపడదు. ఈస్టర్‌కి బ్యాంకు లాభంలో వచ్చే డివిడెండు మేం తీసుకుంటాం, ఆ తర్వాత అదే ఐదుకి నీకే తిరిగి ఇస్తాం. పైకప్పులు రావు గాని పెయింటు డబ్బాలు వస్తాయి.

స్టాఫు రూములో ఇదంతా చెప్పడానికి నాకు సిగ్గేసిన మాట నిజం. 'లోయ దొరికింది. బెల్మాంట్‌లో ఉంది. మా అత్త' అన్నాను. డ్రిల్లు మాస్టరు బల్ల మీద తల పెట్టుకుని నవ్వాడు. వర్నా మేడమ్ మాత్రం నవ్వలేదు. నీ ఉత్తరంలో మామయ్య మాట ఉన్న చోట మళ్లీ మళ్లీ చదివి, 'మనం కొంటున్నాం, కాని ఒక షరతు' అంది. షరతు ఏమిటంటే పన్నెండు మందికీ వేషాలు కావాలి. చినుకుల వరస తీసెయ్యకు. కొలతలు ఈ కవరులోనే ఉన్నాయి. డ్రిల్లు మాస్టరు నడుము ఆయన రాసినదానికంటే ఎక్కువే ఉంటుంది, చూసి కుట్టు.

గొడుగు తీసుకో. మేడమ్‌ని వెంటబెట్టుకుని అలియాంగ్ గారి దగ్గరికి వెళ్లు. ఈసారి ఆయన చెప్పేది చివరిదాకా విను. అక్కణ్నుంచి నేరుగా ఫ్రెడరిక్ వీధికి.

మబ్బు తగ్గించొద్దని కాన్రాడ్‌తో చెప్పు.

సెల్విన్


బెల్మాంట్
3 మార్చి 1995

ఒరేయ్ సెల్విన్,

ఇల్లంతా వెండి రేకులే. ఊడ్చినకొద్దీ వస్తున్నాయి. నిన్న ఉపవాసం చేపలో కూడా ఒక రేకు వచ్చింది. కాన్రాడ్ నడుము పట్టేసి నేల మీద పడుకుని, వచ్చే ఏడు వేషం గురించి పైకప్పుతో మాట్లాడుతున్నాడు.

మీ టీచర్లు క్షేమంగా చేరారా? వర్నా మేడమ్ చెప్పు ఒకటి మెరైన్ స్క్వేర్ దగ్గర పోయింది. రెండోది కూడా విసిరేసి వట్టి కాళ్లతో నాట్యమాడిందే, ఆవిడ హెడ్‌మిస్ట్రెస్ అంటే మా వీధిలో ఎవరూ నమ్మడం లేదు. డ్రిల్లు మాస్టరు చినుకు వేషం సగం దారిలో వెనకవైపు పిగిలింది. కొలత నిజం రాయనందుకు అనుభవించాడు.

నీకు ఒక సంగతి చెప్పాలి. నువ్వు మబ్బు లోపల ఉన్నావు, నీకు ముందున్న మనిషి మడమలు తప్ప ఏమీ కనపడి ఉండవు. మంగళవారం మధ్యాహ్నం మనం కోకో రైతుల బ్యాంకు ముందు నుంచి తిరిగాం కదా, అక్కడ నేను మేళాన్ని కాసేపు ఆపాను, గుర్తుందా? నువ్వు లోపలినుంచి 'భుజాలు పడిపోతున్నాయి, నడువు అత్తా!' అని అరిచావు. ఎందుకు ఆపానంటే, మూసిన బ్యాంకు మెట్ల మీద నలుగురైదుగురు ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. పాత ఉద్యోగులు. పెన్షను రోజుల్లో చూస్తుంటాను. పెద్ద మబ్బు వాళ్ల ముందుకి రాగానే గాలికి ఒక పక్క బట్ట లేచింది. లోపల టోపీ కనిపించింది. వాళ్లలో ఒకాయన, చేతికర్ర ఉన్నాయన, లేచి నిలబడ్డాడు. 'ఒరే, ఎల్డన్ వస్తున్నాడ్రా, లేవండి, ఉత్తరాలు వచ్చాయి!' అన్నాడు. అందరూ లేచి టోపీలు తీశారు.

ఎండ మండిపోతోంది, దుమ్ము మోకాళ్ల దాకా లేస్తోంది, ఒక్క చినుకు పడలేదు. నా మొహం మాత్రం తడిసిపోయింది. ఇది ఎవరికీ చెప్పకు.

అలియాంగ్ గారు కూడా జనంలో ఉన్నారు. నన్ను చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఈసారి నవ్వుకి కారణం నాకు తెలుసు.

మీ అత్త
లిస్ట్రా


రాక్స్‌బరో
20 ఏప్రిల్ 1995

అత్తా,

భుజాల నొప్పి తగ్గింది. ఆ మెట్ల మీది సంగతి రోజూ ఒకసారి తలుచుకుంటున్నాను.

డివిడెండు వచ్చింది. పన్నెండు మందీ ఐదు డాలర్లకే నీ షేర్లు నీకు తిరిగి ఇస్తున్నట్టు సంతకాలు పెట్టారు. వర్నా మేడమ్ మాత్రం పది షేర్లు ఇవ్వనంటోంది. వచ్చే ఏడు వేషానికి అది తన టిక్కెట్టట. ఐదో ఫారం పిల్లలు ఈ ఏడు గీత కూడా గీశారు. జనవరి నుంచి ఈస్టర్ దాకా స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఎందుకు సార్ అని అడిగితే, మా అత్త తెలివిమీరింది అన్నాను.

అయితే నేను ఊరుకోలేదు. పాత పేపర్లు ఇంకా ఉన్నాయి కదా. ఒక సిమెంటు షేరు చూశాను. ప్రతి ఏడూ ఆగస్టులో, బళ్లు తెరవడానికి ముందు, కచ్చితంగా పడుతోంది. ఆరేళ్లు వరసగా! కారణం కూడా దాదాపు తేల్చేశాను. వానల్లో ఎవరూ ఇళ్లు కట్టరు కాబట్టి...

వివరంగా రాయమంటావా?

సెల్విన్


బెల్మాంట్
28 ఏప్రిల్ 1995

ఒరేయ్ సెల్విన్,

కట్ట పెట్టెలోకి చేరింది. ఈసారి సన్నబడలేదు, మేడమ్ గారి పది తప్ప. ఆవిడకి ముందు వరసలో చోటు ఉంచుతాను.

నీ సిమెంటు సంగతి చదివాను. వానలూ వద్దు, ఇళ్లూ వద్దు, కారణం నువ్వు తేల్చనవసరం లేదు. ఆగస్టులో పడుతోందా? పిల్లలకి బడి బూట్లు కొనాల్సిన ఆవిడ ఎవరో ఉండి ఉంటుంది. చీటీ డబ్బు తీసే ముందు, ఆవిడ ఎవరి అత్తో కనుక్కో.

లిస్ట్రా